అద్దం ఇవతలి ఎండ

నాలుగు గంటలకు మస్తాన్ స్విచ్చి వేశాడు. రెండు దీపాలూ వెలగడం చూసి, స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ ఆగి, ఈసారి స్టార్ కట్టలేదే సార్ అన్నాడు. డిసెంబరు వచ్చి పది రోజులైంది, వీధిలో చర్చికి పోయే ప్రతి ఇంటి మీదా కాగితపు నక్షత్రం వేలాడుతోంది, పోయినేడు మేడమ్ తనను మిద్దె ఎక్కించి మరీ కట్టించింది అని కూడా అన్నాడు. కడదాంలే అని సుశీల్ కుమార్ మాస్టారు జవాబిచ్చాడు. మస్తాన్ బండి చప్పుడు సరుగుడు తోపు మలుపు దాకా వినిపించి ఆగిపోయాక, కుర్చీ లాక్కుని గాజుతొట్టి ముందు కూర్చున్నాడు. మరదలు డెబోరా ఐదింటికి వస్తానంది. ఇంకా గంట ఉంది. తొట్టిలో ఎడమవైపు, నీళ్ళలోంచి పైకి తేలిన నల్లరాతి పలక మీద రెండు వెలుగులూ పడుతున్నాయి. ఒకటి పసుప్పచ్చగా, చిన్నప్పటి ఇళ్ళల్లో ఉండే బల్బు వెలుగు. దాని పని వేడి ఇవ్వడం. రెండోది పొడుగాటి ట్యూబు, కాస్త నీలం కలిసిన తెలుపు. అది చేసే పని కంటికి కనపడదు, ఎండలో ఎముకకు పట్టే భాగమేదో అందులో ఉంది. తాబేలు మాత్రం ఆ రెండు వెలుగులకూ దూరంగా, కుడి మూలన, నీళ్ళడుగున తల లోపలికి లాక్కుని ఉంది. దాని కళ్ళు రెండూ వాచి మూసుకుపోయాయి. అది మేత ముట్టి పంతొమ్మిది రోజులైంది.

అది తనంతట తాను రాయెక్కితే బాగుండు. ఐదింటి లోపల ఎక్కితే ఇంకా బాగుండు. రాతి మీద మెడ చాచుకుని పడుకున్న తాబేలును చూస్తే నిద్రపోతోందనుకుని డెబోరా ఏమీ అడగదు, తెచ్చిన అట్టపెట్టెలో పెట్టుకుని తీసుకుపోతుంది, అక్క పెంచిన జీవమని ముద్దు చేసుకుంటుంది, తను ఏమీ చెప్పనక్కరలేదు. ఎక్కకపోతే అడుగుతుంది. డెబోరా కావలిలో నర్సు. వాచిన కన్ను చూస్తే ఎందుకు వాచిందని అడగకుండా ఉండగలిగే మనిషి కాదు. ఆయన వేలితో తొట్టి అంచు మీద మెల్లిగా తట్టాడు. నీళ్ళు కదిలాయి, తాబేలు కదల్లేదు. దాని చెవి దగ్గరి ఎర్ర గీత కూడా వెలిసినట్టుంది. ఆ గీత చూసే ఆయన భార్య లిల్లీ దానికి దొరసాని అని పేరు పెట్టింది, పెదాలకు పూసుకోవాల్సింది తొందరలో చెవులకు పూసుకుందని. ఆరేళ్ళ కిందట చెన్నైలో ఎవరిదో పెళ్ళికి పోయి, తిరిగి వస్తూ చేపలమ్మే వీధిలో కొనుక్కుంది. అప్పుడు రూపాయి బిళ్ళంత. ఎప్పటికీ అంతే ఉంటుందని అంగడివాడు చెప్పాడు. ఇప్పుడు ఆమె అరచేతి కన్నా పెద్దది. ఆమె అరచేయి ఎంత ఉండేదో ఆయనకు సరిగ్గా గుర్తు లేదు, తన అరచేతితో కొలిచి కాస్త తగ్గించుకుంటున్నాడు.

ట్యూబుకూ రాతికీ మధ్య ఎడం మస్తాన్ స్కేలు పెట్టి కొలిచాడు, ముప్పై సెంటీమీటర్లు. బడిలో నల్లబల్ల దగ్గర ఉండే కొయ్య స్కేలు అది, శనివారం మాస్టారే చంకలో పెట్టుకుని తెచ్చాడు, పిల్లలు చూసి మాస్టారు ఇవాళ ఎవర్ని కొట్టబోతున్నారో అని నవ్వుకున్నారు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆయన ఎవరినీ కొట్టలేదు. అడుగు ఎడం ఉండాలని చెప్పింది అనూష. చెన్నైలో ఇట్లాంటి జంతువులకు దీపాలు అమ్మే అంగట్లో పనిచేస్తుంది, ఊరు సూళ్ళూరుపేట, ఫోనులో తెలుగు విని ప్రాణం లేచొచ్చినట్టు మాట్లాడింది. మీరు యాడి నుంచి సార్, మాది తడ దాటంగానే అంటూ ఐదు నిమిషాలు ఊరి సంగతులే. తర్వాత ఒక్కొక్కటీ చెప్పింది, ఆయన నోటుబుక్కులో రాసుకున్నాడు. ఎడారి జంతువులకు వేసే ట్యూబు వద్దు, దాని జోరు ఎక్కువ. నీటి తాబేలుకు ఐదు శాతం రాసి ఉన్నది చాలు. వేడికి వేరే బల్బు, ట్యూబుకు వేరే హోల్డరు. దీపానికీ దానికీ మధ్య గాజు గాని ప్లాస్టిక్కు గాని ఏదీ అడ్డం ఉండకూడదు. నీడలోకి పోవడానికి ఒక పక్క చోటు వదలాలి, దానికి ఎప్పుడు చాలో దానికే తెలుస్తుంది. ఆఖర్న ఇంకొకటి చెప్పింది. ఏడాదికి ట్యూబు మార్చేసేయాల సార్, వెలగతానే ఉంటాది, కాని దాంట్లో ఏమీ ఉండదు, చూసి కనుక్కోలేం. ఆ మాట రాసుకుని, తేదీ వేసి, కింద గీత గీశాడు. ఆ గీత గీసిన చెయ్యి కాసేపు అక్కడే ఆగిపోయింది. బళ్ళో పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోతున్నాడని పిల్లలు ఈ ఏడాది హెడ్మాస్టరుకు చెప్పారట. పిల్లల తప్పేమీ లేదు.

వేడిచ్చే బల్బు కోసం కావలి ట్రంకు రోడ్డంతా తిరిగాడు. ఎక్కడా లేదు. ఏ అంగట్లో అడిగినా తెల్లటి ఎల్ఈడీ చేతిలో పెట్టి, ఇది అసలు కాలదు సార్, ఎంతసేపైనా పట్టుకోవచ్చు అంటారు. చివరికి కామాక్షయ్య అంగడి. పాత మనిషి, తీగలూ స్విచ్చులూ మధ్యలో చిన్న స్టూలు మీద కూర్చుని ఉంటాడు. మాస్టారు అడిగింది రెండుసార్లు చెప్పించుకుని, "వేడి ఇయ్యని బల్బు కావాలని లోకమంతా వస్తా ఉంటే, వేడి ఇచ్చేది కావాలని వచ్చినావు నువ్వొక్కడివే," అని నిచ్చెన వేయించి అటక మీద నుంచి దుమ్ము పట్టిన అట్టపెట్టె దింపించాడు. అరవై వాట్లవి నాలుగున్నాయి. ఒక్కొక్కటీ చెవి దగ్గర ఊపి చూసి, లోపల తీగ తెగలేదని నమ్మకం కుదిరాక కాగితంలో చుట్టి ఇచ్చాడు. కోడిపిల్లలకా అని అడిగాడు. ఔనన్నాడు. అబద్ధం చెప్పాలని కాదు, తాబేలుకు అంటే ఎవరి తాబేలు అంటాడు, లిల్లీది అంటే అయ్యో అంటాడు, ఆ అయ్యో విన్నాక బస్టాండు దాకా నడవాలి. ఈ పదకొండు నెలల్లో ఆయన అట్లాంటి చిన్న చిన్న ఔనులు చాలా అన్నాడు. తిన్నారా అంటే ఔను. నిద్ర పడుతోందా అంటే ఔను. కూడికల్లో పాస్టరుగారు, దేవుడు ఆదరిస్తున్నాడు కదా మాస్టారూ అంటే, దానికీ ఔను.

గాలికి కిటికీ అద్దం కొంచెం అదిరింది. సముద్రం ఇక్కడికి అరకిలోమీటరు. రొయ్యల గుంటల్లో గాలి కోసం నీళ్ళు చిలికే చక్రాల చప్పుడు ఆగినప్పుడు అలల చప్పుడు వినిపిస్తుంది. ఈ ఊళ్ళో ఇనుమన్నది నిలవదు. ఫ్యాను రెక్కలు తుప్పు పడతాయి, ఫ్రిజ్జు కాళ్ళు తుప్పు పడతాయి, కిటికీ ఊచలకు ఏటేటా రంగు వేసినా బుడగలు లేచి రాలిపోతుంది. అందుకే తూర్పు కిటికీలు ఎవరూ తెరవరు, తెరిచినా పొద్దు గూకాక. లిల్లీ మాత్రం ఎనిమిదింటికి తూర్పు కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచేది. తొమ్మిదిన్నరకు ఆసుపత్రి డ్యూటీకి పోయే ముందు మూసేది. ఆ గంటన్నరలో బల్ల మీద, పుస్తకాల మీద, ఆయన ఇస్త్రీ చొక్కా మీద సన్నటి ఉప్పు జిగురు పట్టేది. ఆయన విసుక్కునేవాడు. ఎక్కువ విసుక్కోడు, మాటలు పొదుపుగా వాడే మనిషి. మళ్ళీ తెరిచినావా అనేవాడు, అంతే. రోజూ అనేవాడు. గాలి కోసమని, వెలుతురు కోసమని, ఆమెకు సముద్రం అంటే ఇష్టమని అనుకున్నాడు. ఎందుకు తెరిచేదో తనకు తెలియదు. తెలిసి ఉంటే మూసేవాడు కాదు. నెల రోజులుగా ఈ మాట మనసులో అనుకుంటున్నాడు, అనుకున్న ప్రతిసారీ చివరికి రాకముందే మాట మెత్తబడి తెగిపోతోంది.

జనవరిలో లిల్లీకి జ్వరం వచ్చి మూడో రోజు నెల్లూరికి తీసుకుపోయారు, ఐదో రోజు తీసుకొచ్చేశారు. ఇల్లంతా మనుషులు, ఆదరణ కూడిక, పాటలు, కుర్చీలు. అందరూ వెళ్ళిపోయిన పొద్దున ఆయన మొదట చేసిన పని తూర్పు కిటికీ మూసి గడియ పెట్టడం. పాత పేపరు తడిపి అద్దాలు లోపలా బయటా తుడిచాడు. తొట్టిని బల్లతో సహా జరిపి సరిగ్గా కిటికీ పక్కనే పెట్టాడు, దానికి ఎండ తగలాలని ఆమె ఎప్పుడూ అంటుండేది కదా, అద్దంలోంచి పొద్దుటి ఎండ నిండుగా పడుతుంది. ఉప్పు రాదు, దుమ్ము రాదు. ప్రతి ఆదివారం అద్దం తుడిచేవాడు, ఇంకా బాగా ఎండ రావాలని. తాబేలు రాతి మీదికెక్కి అద్దం వైపు మెడ చాచుకుని పడుకునేది. వెచ్చగా ఉన్నట్టే ఉండేది. మేత వేసేవాడు, నీళ్ళు మార్చేవాడు, ఒక్క రోజూ తప్పలేదు. ఎవరైనా చూస్తే, భార్య పోయాక ఆమె జంతువును ఎంత శ్రద్ధగా చూసుకుంటున్నాడు అనుకునేవాళ్ళు. ఆయనా కొంచెం అట్లాగే అనుకున్నాడు. అక్టోబరు చివర్లో నీళ్ళు మారుస్తుంటే వేలికి దాని డిప్ప తగిలి, వేలి కింద లోపలికి దిగింది. తడిసిన అట్ట దిగినట్టు. ఆయన వేలు తీసేసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసేశాడు.

నెల్లూరులో పశువుల డాక్టరమ్మ చిన్నపిల్ల, గేదెలకూ కుక్కలకూ అలవాటుపడిన చెయ్యి. తాబేలును బల్ల మీద పెట్టుకుని ఎవరికో ఫోను చేసి చాలాసేపు మాట్లాడింది. ఎండలో ఉంచుతున్నారా అని అడిగింది. రోజూ ఉంచుతున్నానమ్మా, కిటికీ పక్కనే అన్నాడు. అద్దం తెరిచా, మూసా అని అడిగింది. ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో ఆమె చెప్పకముందే ఆయన చెవుల్లో ఏదో హోరు మొదలైంది. అద్దంలోంచి వెలుతురు వస్తుందట, వేడి వస్తుందట, ఎముక గట్టిపడటానికి కావలసినది మాత్రం గాజు ఆపేస్తుందట. పది నెలలు అది శుభ్రంగా తుడిచిన అద్దం వెనకాల వెచ్చగా పడుకుని కొంచెం కొంచెంగా మెత్తబడింది. ఎండలో పెట్టండి, కుదరకపోతే యూవీ దీపం పెట్టండి అంది. ఎండలో పెడదామని ఇంటికి తెచ్చేసరికి మబ్బు పట్టింది. వాయుగుండం మీద వాయుగుండం, రేవులో జెండాలు ఎగరేశారు, పడవలు ఒడ్డుకెక్కాయి, వీధిలో మోకాలి లోతు నీళ్ళు. పదకొండు రోజులు సూర్యుడు కనపడలేదు.

అప్పుడు మస్తాన్‌ను అడిగాడు. మస్తాన్ రొయ్యపిల్లల హేచరీల్లో కరెంటు పని చేస్తాడు. యూవీ ట్యూబా, దానికేముంది సార్, మా దగ్గర చానా ఉండాయి, నీళ్ళు శుద్ధి చేసేదానికి వాడతాం, ఒకటి తెస్తా అన్నాడు. మర్నాడే తెచ్చి తొట్టి మీద కట్టి పోయాడు. అందమైన లేతనీలం వెలుగు. ఆయన ఆ మధ్యాహ్నం తొట్టి పక్కనే కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకున్నాడు, దొరసాని ఒక్కతే ఉండకుండా తోడుగా ఉందామని. రెండో రోజు కూడా. ఆ రాత్రి కళ్ళల్లో గుప్పెడు ఇసుక పోసినట్టయింది, పొద్దున లేస్తే రెప్పలు విడిపోవు. కావలి కళ్ళ డాక్టరు వెల్డింగు చూసినారా అని అడిగాడు. లేదు, నీళ్ళు శుద్ధి చేసే దీపం కింద కూర్చున్నాను అన్నాడు. నీళ్ళల్లో పురుగుల్ని చంపే దీపం సార్ అది, దాని కింద మనుషులు కూర్చోకూడదు అని డాక్టరు మందు రాశాడు. ఇంటికి వచ్చి, తుడుచుకుంటూ తుడుచుకుంటూ తొట్టిలోకి చూస్తే, తాబేలు కళ్ళు రెండూ రేగిపళ్ళలా ఉబ్బి ఉన్నాయి. తనవి నాలుగు రోజుల్లో తగ్గాయి. మధ్యలో రెండు రోజులు ఎండ కాసింది కూడా, కాని ఆ కళ్ళతో దాన్ని ఎండలో పెట్టడానికి ఆయనకు చెయ్యాడలేదు. నెల్లూరు డాక్టరమ్మ చుక్కల మందిచ్చి, కొన్నాళ్ళు మందు వేశాక సరైన దీపం, మొదటి రోజు ఒక గంట, అంతే అని చెప్పింది. ఇందాక మస్తాన్, ఆ ట్యూబు పనికి రాలేదా సార్ అంటే, కళ్ళకు మంచిది కాదు మస్తాన్, ఇంక ఎవరికీ ఇయ్యబాకు అన్నాడు. నీ వల్ల అని అనలేదు. యూవీ అంటే యూవీయే అనుకున్నది ఇద్దరూ. ఒక మాటకు అన్ని అర్థాలూ ఒకటే కావని ఇరవై ఎనిమిదేళ్ళు పిల్లలకు చెప్పినవాడు ఆయన ఒక్కడే.

నాలుగుంపావు దాటింది. బల్బు వేడికి రాతి మీది తడి ఆరిపోతూ, నల్లటి పలక అంచుల నుంచి బూడిదరంగుకు తిరుగుతోంది. పార్సిల్లో వచ్చిన చిన్న థర్మామీటరు రాతి మీద ముప్పై ఒకటి చూపిస్తోంది. ముప్పై రెండుకు రావాలి. అంతా సరిగ్గా ఉంది, అది ఒక్కటే అక్కడ లేదు. దొరసానీ అని పిలిచాడు. గొంతు తనకే కొత్తగా ఉంది. ఆ పేరుతో లిల్లీ ఒక్కతే పిలిచేది, ఆయన ఎప్పుడూ అది అనేవాడు, అది తిన్నదా, అది ఎక్కడ. ఇప్పుడు ఇల్లంతటిలో తనవి కాక ఆమెను చూసిన కళ్ళు ఈ రెండే. అవి కూడా తన చేతిలోనే మూసుకుపోయాయి. సమాధి రాతి మీద ఏం రాయాలో చెప్పమని రాళ్ళు చెక్కే మనిషి మూడుసార్లు కబురు పంపాడు. ఊళ్ళో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా, పెళ్ళి శుభలేఖ కావాలన్నా మాస్టారు రాయాల్సిందే. ఆ రాయి మాత్రం ఇంకా నున్నగానే ఉంది. పేరూ తేదీలూ చాలు అంటే చాలదనిపిస్తుంది, ఇంకొక మాట వేస్తే ఎక్కువనిపిస్తుంది.

డెబోరా దీన్ని మూడుసార్లు అడిగింది. మొదటిసారి కూడిక అయిన వారానికి, రెండోసారి ఈస్టరుకు, మూడోసారి అక్టోబరులో ఫోనులో. నీకెందుకు బావా ఇది, అక్క ఉన్నప్పుడు ఒక్క రోజన్నా దాని వంక చూసినావా అంది. ఆ మాటకు ఆయన నొచ్చుకుని ఫోను పెట్టేశాడు, తర్వాత రెండు నెలలు ఆమె రాలేదు. మొన్న తనే ఫోను చేసి, వచ్చి తీసుకుపోమ్మా అన్నాడు. ఎందుకు మనసు మారింది అని అడగలేదు ఆమె. థాంక్స్ బావా అంది, ఏడుస్తున్నట్టు. చావబోయేదాన్ని చేతుల్లో పెట్టడానికి పిలిచానని ఆమెకు తెలియదు. తన ఇంట్లో కాకుండా వేరే ఇంట్లో పోతే, పోయినప్పుడు తను చూడకుండా ఉంటే, అది తన వల్ల కాకుండా పోతుందని ఎక్కడో లోపల అనుకున్నట్టున్నాడు. అనుకున్నట్టున్నాడు ఏమిటి, అనుకున్నాడు.

పదో తరగతి అర్ధసంవత్సర పరీక్ష పేపర్లు. పోయినేడు ఇదే నెల. ఈ బల్ల మీదే కట్ట పెట్టుకుని దిద్దుతున్నాడు. ఆదివారం పొద్దున, చర్చికి పోవడానికి ఇంకా గంటన్నర ఉంది, కిటికీ తెరిచి ఉంది, గాలికి పేపర్లు లేస్తుంటే మీద స్కేలు పెట్టాడు. ఊరికి బస్సు వేయించమని అధికారికి లేఖ రాయమన్న ప్రశ్న. ఏదో ఆడపిల్ల, చక్కటి చేతిరాత, మా ఊరి ముసలివాళ్ళు ఆసుపత్రికి నడవలేక ఇంట్లోనే ఆగిపోతున్నారు అని రాసింది. బాగా రాసింది, ఐదుకు నాలుగు వేశాడు. ఆ నాలుగు అంకె ఎట్లా వేశాడో, ఎర్ర సిరా ఎక్కడ కొంచెం చెదిరిందో కూడా కనపడుతోంది. అప్పుడు వెనక నుంచి లిల్లీ. తొట్టిలో నీళ్ళు మారుస్తూ, బకెట్టు చప్పుడు. ఇదిగో వింటా ఉండారా, కిటికీ ఎందుకు తీస్తానో తెలుసా, అద్దంలోంచి దానికి ఎండ దిగదంట, వెలుతురు వస్తాది గాని సారం రాదంట, మా డాక్టరుగారు చెప్పినాడు. ఆయన ఊఁ అన్నాడు. తర్వాతి పేపరు తీశాడు. ఇంకో పావుగంటకు లేచి, గాలి ఎక్కువైందని కిటికీ మూయబోతే, ఇప్పుడే కద సామీ చెప్పినాను, ఒక గంట ఓర్చుకోండి అని నవ్వింది. నవ్వుతూ తడిచేత్తో ఆయన మణికట్టు పట్టుకుని ఆపింది. ఆ తడి చొక్కా అంచుకు అంటింది. ఆయన చొక్కా అంచు చూసుకున్నాడు. ఆమె ముఖం చూడలేదు.

చెప్పింది. చెప్పిందన్న సంగతి ఆయన మరిచిపోలేదు, దాని మీద ఏదో ఒకటి కప్పుతూ వచ్చాడు. డాక్టరమ్మ అద్దం తెరిచా మూసా అన్నప్పుడే తెలిసింది, ఆ హోరు అదే. తెలియదు, తెలిసి ఉంటే మూసేవాణ్ణి కాదు అని అప్పటి నుంచి రోజూ అనుకుంటున్నది తనకు తాను చెప్పుకున్న చిన్న ఔను. ఇరవై రెండేళ్ళలో ఆమె ఎన్ని చెప్పి ఉంటుంది. వాటిలో ఎన్నింటికి ఊఁ అన్నాడో, ఆ ఊఁ కింద ఏమేం పోయాయో ఇప్పుడు ఎవరిని అడగాలి. జనవరిలో మొదటి రోజు, ఒళ్ళు నొప్పులుగా ఉందండీ అంది. దానికి ఏమన్నాడు. గుర్తు లేదు. ఎంత తవ్వినా గుర్తు రాలేదు. బహుశా ఏమీ అనలేదు.

నాలుగు నలభై. తాబేలు ఇంకా మూలలోనే ఉంది. అది ఎక్కదు. కళ్ళు మూసుకుపోయిన జీవి రాయి ఎటుందో ఎట్లా తెలుసుకుంటుంది, ఇది ఆయనకు ఇంతసేపూ తట్టలేదు. దీపం కొన్నాడు, ఎడం కొలిచాడు, వేడి చూశాడు, అది వచ్చి కూర్చుంటుందని కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. లేచి చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచాడు. నీళ్ళల్లో చెయ్యి పెట్టి రెండు వైపులా పట్టుకుని పైకి తీశాడు. అనుకున్నంత బరువు లేదు. డిప్ప వేళ్ళ కింద దిగకుండా ఎంత మెల్లిగా పట్టాలో అంత మెల్లిగా పట్టి రాతి మీద పెట్టాడు. చెయ్యి తీస్తే పక్కకు ఒరిగిపోతోంది, కాళ్ళల్లో సత్తువ లేదు. మళ్ళీ పట్టుకున్నాడు. నిలబడి, తొట్టి మీదికి వంగి, రెండు చేతుల మధ్య దాన్ని ఆనించి పట్టుకున్నాడు. బల్బు వేడి చేతుల మీద పడింది. మొదట సుఖంగా, తర్వాత కొంచెం చురుక్కుమంటూ, తర్వాత అలవాటైపోయి. నడుము నొప్పి పుట్టింది. కాలు మార్చుకున్నాడు, చేతులు కదల్చలేదు. దాని కింది భాగం మొదట చల్లటి రాయిలా ఉంది. కాసేపటికి చల్లదనం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

గేటు చప్పుడైంది. బావా అని పిలుపు. తీసే ఉందమ్మా, రా అన్నాడు. డెబోరా లోపలికి వచ్చింది, చేతిలో అట్టపెట్టె, దాంట్లో పాత తువ్వాలు మడిచి పరిచి ఉంది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, తెల్ల బూట్లకు బురద. గది మధ్యలో ఆగిపోయింది. వంగి దగ్గరగా చూసింది.

"కళ్ళు ఏమైనాయి బావా?"

"నేనే చేసినానమ్మా," అన్నాడు. చేతులు తీయకుండానే, దీపాల వైపు చూస్తూ అంతా చెప్పాడు. కిటికీ మూసింది, తొట్టిని అద్దం పక్కకు జరిపింది, డిప్ప మెత్తబడింది, మస్తాన్ ట్యూబు, రెండు మధ్యాహ్నాలు. బళ్ళో చెప్పినట్టు వరసగా చెప్పాడు. ఎక్కడా గొంతు తగ్గించలేదు, ఎక్కడా పెంచలేదు.  అంతా అయ్యాక డెబోరా అడిగింది.

"కిటికీ ఎందుకు తీస్తాదో అక్క నీకు చెప్పలేదా?"

లేదు అంటే సరిపోతుంది. లేదన్న మాటను కాదనగలిగిన మనిషి లోకంలో ఎవరూ లేరు. డెబోరా నమ్ముతుంది, అయ్యో పాపం అంటుంది, అక్కకు కూడా అన్నీ మనసులో పెట్టుకోవడమే అలవాటు అంటుంది. ఆయన నోరు తెరిచాడు.

"చెప్పింది. రెండుసార్లు చెప్పింది. నేను పేపర్లు దిద్దుకుంటా ఉండి వినలేదు."

డెబోరా ఆయన వంక చూడలేదు.  బయట రొయ్యల గుంటల చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. అట్టపెట్టె బల్ల కింద పెట్టి, పెరట్లోకి పోయి, మోచేతుల దాకా సబ్బుతో చేతులు కడుక్కుంది. తిరిగి వచ్చినప్పుడు ముఖం కూడా తడిగా ఉంది.

"మందు ఎన్నిసార్లు వేస్తా ఉండావు?"

"మూడు."

"నువ్వొక్కడివేనా?"

"ఔను."

"అందుకే పడటం లేదు. ఒకరు పట్టుకుంటే ఒకరు వెయ్యాల. ఒక చేత్తో తల పట్టి ఒక చేత్తో వేస్తే మందంతా బయటికే పోతాది." ఆ గొంతులో కోపం ఉంది. ఉండవలసినంత ఉంది. "రేపటి నుంచి పొద్దున డ్యూటీకి పోయే ముందు ఒకసారి వస్తాను. సాయంత్రం ఒకసారి. అది ఈడనే ఉండనీ."

 ఐదైంది. చేతులు ఖాళీ లేవు కనుక, ఆ తెల్ల దీపం ఆర్పమ్మా, పసుప్పచ్చది ఉండనీ అన్నాడు. ఆమె ఆర్పింది. గది ఒక్కసారిగా పచ్చబడి చిన్నదైంది. నీ చేతులు కందిపోయినాయి, ఇటియ్యి అని డెబోరా ఆయన వేళ్ళ కింద నుంచి తన వేళ్ళు పోనిచ్చింది. ఆయన మెల్లిగా వదిలాడు. చేతులు మారేటప్పుడు తాబేలు వెనక కాలు ఒకటి బయటికి చాచి, ఆమె అరచేతిని నెట్టింది. గట్టిగా నెట్టలేదు. ఇద్దరికీ తెలిసేటంత నెట్టింది.